అవకాశాల దేశం: మాటకూ చేతకూ మధ్య దూరం

ఏ దేశమైనా తన గురించి తాను చెప్పుకునే మాట ఒకటుంటుంది. తన గడపలోకి వచ్చిన మనిషితో వ్యవహరించే తీరు మరొకటుంటుంది. ఈ రెంటి నడుమ ఎడం ఎంత అన్నది పండితులకు చర్చనీయాంశం కావచ్చు. బిడ్డను అమెరికా పంపడానికి ఇంటి కాగితాలు బ్యాంకులో కుదువబెట్టిన తండ్రికి మాత్రం అది బతుకు లెక్క. ఈ నెల మేము ఈ విషయాన్ని చేపట్టడానికి కారణం అదే.

ఒకప్పుడు అమెరికా చదువు హైదరాబాదు, విజయవాడల్లోని కలిగినవారి ముచ్చట. నేడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి పట్టణాల నుంచి కూడా పిల్లలు బయలుదేరుతున్నారు. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలోని భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602కు చేరి, చైనాను దాటింది. వారిలో తెలుగువారి వాటా పెద్దదేనన్నది అందరికీ తెలిసిన సంగతే. ఈ మూడు పట్టణాల్లో కుటుంబ పెద్దలతో మాట్లాడినప్పుడు మాకు తరచుగా వినిపించిన మాట ఒక్కటే: "అక్కడ కష్టపడేవాడికి అవకాశం ఉంటుందండీ. కులం అడగరు, మతం అడగరు." సింగరేణిలో పదవీ విరమణ చేసినప్పుడు చేతికొచ్చిన సొమ్మును కొడుకు ఫీజుకు కట్టినవారు, మిరప పండే చెలకను అమ్మినవారు, కూతురి పెళ్ళికని దాచిన బంగారాన్ని తాకట్టు పెట్టినవారు ఆ ఒక్క మాట మీదనే నిలబడి ఉన్నారు. ఆ మాటలో నిజం ఎంత, అది ఎవరి విషయంలో నిజమైంది, ఎవరి విషయంలో కాలేదు అన్నది పరిశీలించడం అవసరం.

ఒకే గ్రంథాలయంలో రెండు గ్రంథాలు

మనుషులందరూ సమానులుగా సృష్టించబడ్డారని 1776 జూలై 4న అమెరికా ప్రపంచానికి ప్రకటించింది. ఆ ప్రకటన ముసాయిదా రాసిన థామస్ జెఫర్సన్ తన జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా బానిసలకు యజమాని. న్యాయశాస్త్రం చదువుకునే రోజుల్లో, 1765లో ఆయన దివ్య ఖుర్ఆన్ ఆంగ్లానువాదం ఒకటి కొనుక్కున్నాడు. ఆ ప్రతి నేటికీ వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉంది. 2007 జనవరిలో అమెరికా పార్లమెంటు దిగువ సభకు ఎన్నికైన తొలి ముస్లిం సభ్యుడు కీత్ ఎలిసన్ ప్రమాణ స్వీకార వేడుకలో చెయ్యి ఉంచింది ఆ ప్రతి మీదనే.

అదే గ్రంథాలయంలో మరొక రచన ఉంది. నేటి సెనెగల్ ప్రాంతంలో పుట్టి, పాతికేళ్ళపాటు ఇస్లామీయ విద్య నేర్చిన ఉమర్ ఇబ్న్ సయీద్‌ను బంధించి, 1807లో చార్ల్‌స్టన్ రేవులో అమ్మేశారు. ఆయన 1831లో తన జీవితకథను అరబీలో రాశాడు. దానికి ముందుమాటగా జ్ఞాపకం నుంచి 'ముల్క్' సూరాను రాసుకున్నాడు. సర్వాధికారం అల్లాహ్ చేతిలోనే ఉందని చెప్పే సూరా అది. ఒక మనిషి మరొక మనిషికి ఆస్తి కాగల దేశంలో ఆ సూరాను ఎంచుకోవడంలోని అర్థాన్ని పాఠకులు గ్రహించగలరు. బానిసత్వాన్ని రద్దు చేసిన రాజ్యాంగ సవరణ 1865లో వచ్చింది. అప్పటికే ఉమర్ బానిసగానే కన్నుమూశాడు.

సమానత్వాన్ని ప్రకటించినవాని ఖుర్ఆన్ ప్రతి, ఆ సమానత్వానికి నోచుకోని ముస్లిం పండితుని చేతిరాత ఇప్పుడు ఒకే కప్పు కింద ఉన్నాయి. అమెరికా చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ రెంటినీ కలిపి చదవాలి. ఒకదాన్ని మాత్రమే చదివినవారు గుడ్డిగా పొగుడుతారు, లేదా గుడ్డిగా తిడతారు.

ఆసియావారికి మూసిన తలుపు

భారతీయుల విషయానికి వద్దాం. 1917 నాటి వలస చట్టం భారతదేశంతో సహా ఆసియాలోని అధిక భాగాన్ని నిషిద్ధ మండలంగా ప్రకటించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ పౌరసత్వం కోరితే, 1923 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తిరస్కరించింది. సామాన్యుల దృష్టిలో ఆయన 'తెల్లవాడు' కాడన్నది కారణం. ఆ తీర్పు తరువాత అంతకు ముందే పౌరసత్వం పొందిన భారతీయుల నుంచి కూడా దానిని వెనక్కి తీసుకున్నారు.

దాదాపు అదే కాలంలో భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరాడు. పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రి పని చేస్తూ హార్వర్డ్‌లో పరిశోధన సాగించాడు. శరీరంలో భాస్వరం కొలిచే పద్ధతి, కణంలో శక్తికి ఆధారమైన ఏటీపీ మీద పని, ఫోలిక్ ఆమ్లం తయారీ, క్యాన్సర్ చికిత్సలో నేటికీ వాడే మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ అనే జీవనాశక ఔషధం ఆయనతోనూ ఆయన నడిపిన బృందాలతోనూ ముడిపడినవే. హార్వర్డ్ ఆయనకు శాశ్వత అధ్యాపక పదవి ఇవ్వలేదు. 1940లో ఆయన లెడర్లే అనే ఔషధ సంస్థకు మారాడు. భారతీయులకు పౌరసత్వ అర్హత కల్పిస్తూ, ఏడాదికి వంద మందిని మాత్రమే అనుమతిస్తూ చట్టం వచ్చింది 1946లో. 1948 ఆగస్టులో సుబ్బారావు అక్కడే మరణించాడు. ఆయన ప్రతిభ అమెరికాకు పనికొచ్చింది. ఆయన మాత్రం చాలాకాలం చట్టం దృష్టిలో పరాయివాడే.

తరువాత తలుపు ఎలా తెరుచుకుందో మన కుటుంబాల్లో చాలామందికి తెలియదు. 1950, 60 దశకాల్లో నల్లజాతి ప్రజలు బస్సుల్లో, పాఠశాలల్లో, పోలింగు కేంద్రాల్లో తమ హక్కు కోసం దెబ్బలు తిన్నారు, ప్రాణాలిచ్చారు. ఆ ఒత్తిడి ఫలితంగా 1965 ఆగస్టులో ఓటు హక్కు చట్టం, అదే ఏడాది అక్టోబరులో పుట్టిన దేశాన్ని బట్టి వివక్ష చూపే పాత కోటాలను ఎత్తివేసిన వలస చట్టం వచ్చాయి. మన వైద్యులు, ఇంజనీర్లు విమానమెక్కగలిగింది ఈ రెండవ చట్టం వల్లనే. అమెరికాలో తెలుగువాడు అనుభవిస్తున్న అవకాశం నల్లజాతివారి పోరాటానికి ఋణపడి ఉంది. 'కష్టపడేవాడికి అవకాశం' అనే మాటను ముందుగా కష్టపడి నిజం చేసినవారు వారు.

చట్టం, తుపాకీ, ఒక మంచి మనిషి

2017 జనవరి 27న అధ్యక్షుడు ట్రంప్ ముస్లింలు అధికంగా ఉన్న ఏడు దేశాల ప్రజల ప్రవేశాన్ని నిలిపివేస్తూ ఉత్తర్వు జారీ చేశాడు. సవరణల తరువాత దాని మూడవ రూపాన్ని 2018 జూన్ 26న సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో సమర్థించింది. 2021 జనవరిలో కొత్త అధ్యక్షుడు దానిని రద్దు చేశాడు. 2025 జూన్‌లో పన్నెండు దేశాలపై మళ్ళీ నిషేధం వచ్చింది. ఒక ఎన్నికతో మూసుకునే తలుపు మరొక ఎన్నికతో తెరుచుకోవడం, తిరిగి మూసుకోవడం ఇక్కడ గమనించవలసిన విషయం.

ఆ తొలి ఉత్తర్వు వచ్చి నెల తిరగకముందే, ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఓలేత్ పట్టణంలో హైదరాబాదుకు చెందిన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక తెల్లజాతీయుడు కాల్చి చంపాడు. నా దేశం వదిలిపో అని అరుస్తూ కాల్చాడు. తాను ఇరానీయులను కాల్చానని తరువాత చెప్పుకున్నాడు. ద్వేషానికి మతం, దేశం వేరుచేసి చూసే ఓపిక ఉండదు. ముస్లింల మీద పెంచిన పగ ఒక హిందూ కుటుంబం దీపాన్ని ఆర్పింది. భర్త వీసా మీద ఆధారపడి ఉన్న ఆయన భార్య నివాస హక్కు కూడా ఆ మరణంతోనే ప్రశ్నార్థకమైంది. ఒక పార్లమెంటు సభ్యుడు పూనుకుంటే గాని ఆమె అక్కడ తిరిగి పనిచేసుకునే వీలు కలగలేదు.

అదే చోట మరొక సంగతి జరిగింది. ఇయాన్ గ్రిలట్ అనే ఇరవై నాలుగేళ్ళ తెల్లజాతి యువకుడు హంతకుని ఆపబోయి తూటా దెబ్బ తిన్నాడు. తనకు ఏమీ కాని ఇద్దరు తెలుగువారి కోసం అతడు లేచాడు. హంతకునికి జీవిత ఖైదు పడింది. ఆ దేశ ఆదర్శం ఆ రాత్రి ఏ ఉత్తర్వులోనూ లేదు, ఆ యువకునిలో ఉంది. న్యాయం మాట్లాడదలచినవారు ఈ సగాన్ని కూడా చెప్పాలి.

2025: లెక్క మారిన ఏడాది

మన పిల్లల్లో ఎక్కువమంది వేసుకునే లెక్క ఇది: రెండేళ్ళ మాస్టర్స్, ఆపై ఓపీటీ కింద ఒక ఏడాది, సాంకేతిక చదువైతే మరో రెండేళ్ళు ఉద్యోగం, ఈలోగా హెచ్-1బీ, చివరకు గ్రీన్‌కార్డు. ఈ మెట్లలో ఒక్కటీ హామీ కాదు. హెచ్-1బీ వీసాలు ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి మరో 20,000. దరఖాస్తులు అంతకు ఎన్నో రెట్లు. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ ఏడు శాతానికి మించి దక్కవు. నూట నలభై కోట్లకు పైగా జనమున్న భారతదేశానికీ, మన ఒక మండలమంత జనం కూడా లేని చిన్న ద్వీపానికీ అదే గరిష్ఠ పరిమితి. ఫలితంగా భారతీయుల నిరీక్షణ దశాబ్దాలకు చేరింది.

2025 సెప్టెంబరు 19న వెలువడిన ప్రకటన కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము విధించింది. అప్పటి మారకం విలువలో అది సుమారు 88 లక్షల రూపాయలు. అక్కడే చదువుకుని వీసా మార్చుకునేవారికి ఇది వర్తించదని తరువాత వివరణ ఇచ్చారు. ఈలోగా సెలవుపై ఇంటికి వచ్చినవారు ఎంత హడావిడిగా తిరుగు విమానం పట్టుకున్నారో అందరం చూశాం. అంతకుముందు మే నెలాఖరులో విద్యార్థి వీసా ఇంటర్వ్యూల కొత్త తేదీలు ఇవ్వడం ఆపివేశారు. జూన్‌లో తిరిగి మొదలుపెట్టినప్పుడు సామాజిక మాధ్యమాల ఖాతాలు అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలన్న షరతు పెట్టారు.

ఆ షరతు వెనుక ఏముందో రెండు ఉదాహరణలు చెబుతాయి. టర్కీకి చెందిన పరిశోధక విద్యార్థిని రుమైసా ఓజ్‌తుర్క్ పాలస్తీనా విషయంలో తన విశ్వవిద్యాలయ వైఖరిని విమర్శిస్తూ మరి ముగ్గురితో కలిసి విద్యార్థి పత్రికలో ఒక వ్యాసం రాసింది. ఏడాది తరువాత, 2025 మార్చి 25న, రమజాన్ మాసంలో ఇఫ్తార్‌కు వెళుతుండగా ముసుగులు వేసుకున్న అధికారులు నడివీధిలో ఆమెను నిర్బంధించారు. న్యాయమూర్తి ఆదేశంతో మే 9న గాని విడుదల కాలేదు. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడైన భారతీయుడు బదర్ ఖాన్ సూరీని అదే మార్చి 17న నిర్బంధించి మే 14న వదిలారు. ఆయనపై ఏ నేరారోపణా నమోదు కాలేదు. వాక్ స్వేచ్ఛకు 1791 నుంచి రాజ్యాంగ రక్షణ ఉన్న దేశమది. నిర్బంధించినదీ ఆ దేశపు ప్రభుత్వమే, విడిపించినదీ ఆ దేశపు న్యాయస్థానమే. రెండూ నిజం. అయితే ఈ రెంటి మధ్య గడిచిన రోజులు నిర్బంధితులకు ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఇక 2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం సంగతి మనవారు మరువరాదు. వీసా మోసాలను పట్టుకోవడానికి అమెరికా అధికారులే మిషిగన్‌లో ఒక బూటకపు విశ్వవిద్యాలయం నడిపారు. తొలివిడత పట్టుబడిన సుమారు 130 మంది విద్యార్థుల్లో ఒక్కరు తప్ప అందరూ భారతీయులు, వారిలో ఎక్కువమంది తెలుగువారు. తరగతులు లేని చదువుకు ఫీజు కట్టడం తప్పే. ఆ దారి చూపిన దళారులూ మనవారే.

మన ఇంటి లెక్క

ఇంత దూరం అమెరికా లెక్క తీశాక మన లెక్క తీయకపోవడం న్యాయం కాదు. జనగామ నుంచి సూర్యాపేట వెళ్ళే దారిలో, దేవరుప్పుల మండలం కామారెడ్డిగూడెం దగ్గర షేక్ బందగీ సమాధి ఉంది. నిరుపేద రైతు. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను కోర్టులో ఎదిరించి గెలిచాడు. గెలిచినందుకే 1940ల ఆరంభంలో దేశ్‌ముఖ్ మనుషులు ఆయనను దారికాచి చంపారు. చట్టం ఆయన పక్షాన ఉంది, బలం దేశ్‌ముఖ్ పక్షాన ఉంది. కాగితానికీ అధికారానికీ ఉన్న దూరం అంటే ఏమిటో తెలుసుకోవడానికి జనగామ బిడ్డలు సముద్రాలు దాటనక్కరలేదు. ఆ మరణాన్ని ప్రజలు మరువలేదు. కొన్నేళ్ళకే ఆ ప్రాంతమంతా లేచి గడీలను కదిలించింది.

మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం మాటేమిటి? 2014 రాష్ట్ర విభజన చట్టం అప్పటి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలను ఆరు నెలల్లో పరిశీలించాలన్నది. ఇనుప ఖనిజమున్న బయ్యారం ఆశపడింది. జిల్లా పేరు మారింది, ప్రభుత్వాలు మారాయి, కర్మాగారం రాలేదు. అదే చట్టంలోని గిరిజన విశ్వవిద్యాలయం హామీ అప్పటి భూపాలపల్లి ప్రాంతమైన ములుగుకు చేరడానికి, పార్లమెంటు చట్టం చేయడానికి 2023 డిసెంబరు దాకా పట్టింది. ముస్లింల రిజర్వేషన్‌ను 4 నుంచి 12 శాతానికి, గిరిజనులకు 6 నుంచి 10 శాతానికి పెంచుతూ తెలంగాణ శాసనసభ 2017 ఏప్రిల్‌లో బిల్లు ఆమోదించింది. దానికి రాష్ట్రపతి ఆమోదం లభించలేదు. గిరిజనుల వాటా తరువాత ప్రభుత్వ ఉత్తర్వుతో పెరిగింది. ముస్లింల 12 శాతం ఎన్నికల సభల్లోనే మిగిలింది.

మన పిల్లలు విమానమెక్కడానికి అమెరికా ఆకర్షణ ఒక కారణమైతే, ఇక్కడ నెరవేరని మాటలు మరొక కారణం. ఒక నెరవేరని వాగ్దానం నుంచి పారిపోయి మరొక అనిశ్చిత వాగ్దానం చేతిలో పడడం వలస అంటే. ఇచ్చిన మాటకు పరలోకంలో జవాబు చెప్పుకోవలసి ఉంటుందని నమ్మే సమాజంగా మనం ఈ విషయంలో అమెరికా పాలకులకు ఒక కొలత, మన నాయకులకు మరొక కొలత పెట్టుకోరాదు. తెల్లవానికి నల్లవానిపై ఆధిక్యత లేదన్న దైవప్రవక్త ముహమ్మద్ (స) ప్రబోధాన్ని గర్వంగా చెప్పుకునే మనం, గల్ఫ్‌లో కఫాలా పద్ధతి కింద యజమానికి కట్టుబడి నలిగిన మన తెలంగాణ కూలీల సంగతినీ అదే కొలతతో చూడాలి.

నిలదీసినవారు

అయితే ఆదర్శమంతా బూటకమేనా? అలా అనుకోవడం సులువు, సరికాదు. 1964లో హజ్‌కు వెళ్ళిన మాల్కం ఎక్స్ అక్కడ అన్ని రంగుల మనుషులు ఒకే పళ్ళెంలో తినడం చూసి తన దృక్పథాన్ని మార్చుకున్నాడు. తిరిగి వెళ్ళి తన దేశాన్ని ఇంకా గట్టిగా నిలదీశాడు. హైదరాబాదులో పుట్టి నాలుగేళ్ళ వయసులో అమెరికా చేరిన గజాలా హష్మీ దాదాపు మూడు దశాబ్దాలు అధ్యాపక వృత్తిలో గడిపారు. 2017 నాటి ప్రవేశ నిషేధం ఆమెను రాజకీయాల్లోకి నడిపించింది. 2019లో వర్జీనియా సెనేటుకు, 2025 నవంబరు 4న ఆ రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి ఎన్నికయ్యారు. తలుపు మూసినప్పుడు ఆమె తలుపు నడిపే చోటికే వెళ్ళారు.

ఉమర్ ఇబ్న్ సయీద్ నుంచి గజాలా హష్మీ వరకు, కామారెడ్డిగూడెం బందగీ వరకు మాకు కనిపించే పాఠం ఇది: ఆదర్శం తనంతట తాను ఎవరికీ అన్నం పెట్టదు. దానికి దూరమైనవారు దానిని పట్టుకుని నిలదీసినంత మేరకే అది నిజమవుతుంది.

పంపే ముందు

కుటుంబాలు ఇప్పుడు ఏం చేయాలి? వెళ్ళవద్దని మేము చెప్పడం లేదు. విద్య కోసం ప్రయాణం మన సంప్రదాయంలోనే ఉంది. కానీ లెక్క సరిగా వేయండి. అక్కడ ఉద్యోగం దొరకకపోయినా, రెండేళ్ళకు బిడ్డ తిరిగి వచ్చినా ఈ అప్పు తీర్చగలమా అన్నది మొదటి ప్రశ్న. తీర్చలేమనుకుంటే ఆ అప్పు చేయకండి. ఉన్న ఒక్క ఇల్లు తాకట్టు పెట్టకండి. వడ్డీ రుణానికి దూరంగా ఉండదలచినవారు మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల వరకు ఇచ్చే రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యా పథకానికి ముందుగా దరఖాస్తు చేయండి. సొమ్ము చేతికందేదాకా దానిని ఖర్చు లెక్కలో కలపకండి.

రెండవది, విశ్వవిద్యాలయాన్ని కన్సల్టెన్సీ మాట మీద ఎంచుకోకండి. దానికి గుర్తింపు ఉందా, తరగతులు నిజంగా జరుగుతాయా అన్నది అక్కడ చదువుతున్న ఇద్దరు ముగ్గురిని అడిగి తెలుసుకోండి. హాజరు లేకుండా వీసా నిలిపే దారి ఎవరు చూపినా, అది ఉచ్చు అని బిడ్డకు ముందే చెప్పండి.

మూడవది, బిడ్డ అక్కడ ఒంటరి కాకూడదు. చేరిన ఊళ్ళోని మస్జిద్‌తో, తెలుగువారితో, విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంతో మొదటి వారంలోనే పరిచయం పెంచుకోవాలి. ఒక న్యాయవాది ఫోన్ నంబరు దగ్గర ఉండాలి. ప్రతి వారం ఇంటికి మాట్లాడేటప్పుడు జీతం సంగతికి ముందు మనసు సంగతి అడగండి. అప్పు భారం చెప్పుకోలేక పిల్లలు లోలోపల కుమిలిపోతారు. తిరిగి వచ్చిన బిడ్డను ఓడిపోయినవానిగా చూడకండి. నియమం మారింది, బిడ్డ మారలేదు.

ఇక ఇక్కడే ఉండిపోయే లక్షల మంది పిల్లల సంగతి మిగిలే ఉంది. బయ్యారం ఏమైందని, రిజర్వేషన్ హామీ ఏమైందని ఓటడగడానికి వచ్చినవారిని మనం అడుగుతూనే ఉండాలి. జనగామలో, మానుకోటలో, భూపాలపల్లిలో గౌరవంగా బతికే పని దొరికితే అమెరికా ప్రయాణం ఒక ఎంపికగా ఉంటుంది. లేకపోతే అది ఏకైక దిక్కుగానే మిగిలిపోతుంది.